మూత మీది చిల్లు

నష్టపరిహారం చేతికందాక
రాన్ గుయ్‌లాన్ ఒళ్ళు చేసిందని
ఊ నది ఒడ్డున అంతా అనుకున్నారు.
వాపును చూసి బలుపనుకునే నోళ్ళు
ఏ నీళ్ళు తాగే ఊళ్ళోనైనా ఒకటే.

ఆమె మా మందుల కొట్టు కొచ్చిన పొద్దున
గుడ్డ చెప్పుల అంచులు దాటి పాదాలు
పులిసిన పిండిలా పొంగి ఉన్నాయి.
ముప్ఫై ఒక్క ఏళ్ళు రేవు దాటించిన మనిషి
మూడు మెట్లకి రెండుసార్లు ఆగింది.

మౌ వైద్యుడు ఏమీ అడగలేదు.
మోకాలి కింది ఎముక మీద బొటనవేలు ఆనించి
నొక్కి, తీశాడు.
గుంట అలాగే ఉండిపోయింది,
తడి ఇసుకలోంచి లంగరు పీకిన చోటులా.
అది పూడేదాకా ముగ్గురం దానికేసే చూశాం.
గోడ గడియారం చాలాసేపు కొట్టుకుంది.

నాలుక చాపమన్నాడు.
అంచుల్లో పళ్ళ గాట్లు, పైన తెల్లటి పాచి.
మణికట్టు మీద మూడు వేళ్ళుంచి కళ్ళు మూసుకున్నాడు,
గెడ వేసి లోతు చూసేవాడిలా.

"ప్లీహం అంటే మట్టి" అన్నాడు నాతో,
నేను నేర్చుకునేదాన్ని కదా.
"మట్టి గట్టిగా ఉంటే నీరు దాని దారిన పోతుంది.
ఈమెకి గట్టు నానిపోయింది."
ఆమె నవ్వింది.
"దిగువన కట్టారుగా, కాంక్రీటు గట్టు.
అది నానలేదు, నదే నిలబడిపోయింది.
పాత రేవు దాని అడుగున ఉంది.
పడవని ఒడ్డుకు లాగి బాతుల గూడు చేశాను."

నేను తక్కెడ పట్టుకున్నాను.
పైన్ వేళ్ళ మీద చీకట్లో ఊరిన ఫూలింగ్ గడ్డ,
దాల్చిన రెమ్మలు, అల్లం తొక్క,
ఎండిన బూడిదగుమ్మడి చెక్కు,
మొక్కజొన్న పీచు గుప్పెడు,
తూకానికి ఆననంత తేలిక.
"ఉప్పు మానెయ్" అన్నాడు వైద్యుడు.
"మా తాత ఉప్పు పడవల తాడు లాగినవాడు,
నన్నా ఉప్పు మానమంటావు?"

అప్పుడు, ఏదో మామూలు మాటలా చెప్పింది:
రాత్రుళ్ళు వెల్లకిలా పడుకోలేనని,
గోడకి చేరబడి తెల్లవారుస్తున్నానని.

మౌ వైద్యుడి కలం ఆగింది.
టీ కూజా తీసి, మూత మీది చిల్లుని
వేలితో మూసి వంచాడు.
ధార సన్నబడింది, తెగింది.
వేలెత్తాడు, పోసింది.
"కింద నీరు కదలాలంటే పైన గాలి ఆడాలి.
ఊపిరితిత్తులే మూత. ఎప్పటినుంచి బిగిసింది?"

ఆమె కూజానే చూస్తూ అంది:
"పడవ మీద అరిచేవాళ్ళం,
అవతలి ఒడ్డుకి వినబడాలి కదా.
వంతెన పడ్డాక
అరవడానికి ఎవరూ లేరు."

కాసేపు కొట్టంతా దాల్చిన వాసనే.
తర్వాత ఇంకో కాగితం రాశాడు,
జిల్లా ఆసుపత్రికి, గుండె విభాగానికి.
"పొట్లాలు రేపు కాచుకో. బస్సు ఇవాళ ఎక్కు.
ఈ మూత నా ఒక్కడి చేతిలో లేదు."
ఆ మాట ఆయన ఎవరితోనూ అనగా వినలేదు నేను.

ఆ రాత్రి కొట్టు మూశాక
నా కాలు నేనే నొక్కి చూసుకున్నాను.
గుంట వెంటనే పూడింది.
ఎందుకో సిగ్గేసింది.

ఇరవై మూడు రోజులకి వచ్చింది.
చెప్పుల్లో పాదాలు వదులు.
ఒక జేబులో ఆసుపత్రి మాత్రలు,
ఇంకో జేబులో మా పొట్లాల దారం, చుట్ట చుట్టి.
గుమ్మంలో నిలబడి గొంతెత్తింది:
"ఎక్కేవాళ్ళున్నారా!"
బెంచీ మీద వరుసలో ఉన్న రోగులు
సగం లేచి, కూర్చున్నారు.

వైద్యుడు బొటనవేలు ఆనించాడు.
గుంట పడింది,
అయితే గడియారం వినబడేలోపే నిండింది.
ఏ మందు పని చేసిందని నేనడిగితే
టీ పోసుకున్నాడు.

వెళుతూ బల్ల మీద గడ్డి బుట్ట పెట్టింది.
పడవలో పెట్టిన బాతు గుడ్లు,
నెల్లాళ్ళు ఉప్పులో ఊరినవి.
"నాకొద్దన్నావుగా, నువ్వు తిను."